లైసెన్సు నంబరు అడగడానికి మొహమాటమెందుకు?

టెక్సస్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మొదలయ్యాయంటే మన గ్రూపుల్లో ఒక మెసేజ్ కూడా మొదలవుతుంది. "అక్కా, ఇంటి మొత్తానికీ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించాలి, మంచి ఎలక్ట్రీషియన్ ఎవరైనా తెలుసా?" పది నిమిషాల్లో మూడు నంబర్లు వచ్చేస్తాయి. "మావారి ఫ్రెండ్‌కి తెలిసినాయన." "మనవాడే, తక్కువకి చేస్తాడు." "మా ఇంట్లో ఫ్యాన్లు బిగించాడు, చాలా మంచివాడు." మంచివాడే కావచ్చు. కానీ ఆయనకి లైసెన్సు ఉందా అని ఒక్కరూ అడగరు. అడిగితే చెప్పినావిడ ఏమనుకుంటుందో, వచ్చినాయన ఏమనుకుంటాడో అని మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత మీకు తెలుసు కదా! ఈ ఒక్క పనిలోనైనా దాన్ని పక్కన పెడదామంటాను.

ఎందుకంటే ఇది ఫ్యాన్ బిగించడంలాంటిది కాదు. ఈ పరికరాన్ని సాధారణంగా మెయిన్ పానెల్‌కే కలుపుతారు. చాలా ఇళ్ళలో పానెల్‌లోని మెయిన్ బ్రేకర్ ఆపేసినా సరే, మీటరు నుంచి లోపలికి వచ్చే లావు తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. అక్కడ చెయ్యి జారితే పోయేది టీవీ కాదు, మనిషి ప్రాణం. అది ఆ వచ్చినాయన ప్రాణమే అయినా, జరిగేది మన గరాజ్‌లో.

అసలు ఇది ఏం చేస్తుందో కూడా చాలామందికి స్పష్టంగా తెలియదు. మన ఊళ్ళో ఫ్రిజ్ పక్కన పెట్టుకునే స్టెబిలైజర్ లాంటిదే అనుకుంటారు. కాదండీ. స్టెబిలైజర్ వోల్టేజ్ తగ్గినా పెరిగినా సరిచేస్తూ ఉంటుంది. ఇది అలా సరిచేయదు. రెప్పపాటు కూడా ఉండని వోల్టేజ్ పోటు వచ్చినప్పుడు దాన్ని వస్తువుల దాకా పోనీయకుండా పక్కకి మళ్ళిస్తుంది. ఆ పోటు దగ్గర్లో పిడుగు పడితే రావచ్చు, కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణంలో రావచ్చు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానప్పుడూ, 2024 జులైలో హ్యూస్టన్ మీద బెరిల్ వచ్చినప్పుడూ కరెంటు పోవడం, రావడం ఎలా ఉంటుందో మనలో చాలామంది చూశాం. మన ఏసీలాంటి పెద్ద మోటార్లు ఆగి మొదలైనప్పుడు కూడా ఇంట్లోనే చిన్న చిన్న పోట్లు పుడతాయి. ఇప్పుడు ఫ్రిజ్, వాషర్, ఓవెన్, ఏసీ అన్నిట్లోనూ సర్క్యూట్ బోర్డులే కనక దెబ్బ వాటికే. నేరుగా ఇంటి మీద పిడుగు పడితే మాత్రం ఏ పరికరమూ పూర్తి హామీ ఇవ్వలేదు. "ఇది పెడితే ఇంక దేనికీ ఏమీ కాదు" అన్నాడంటే అతనికి పని తెలియదు, లేదా మనకి తెలియదనుకుంటున్నాడు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒకసారి మీ పానెల్ దగ్గర చూడండి. 2020 జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ కొత్త ఇళ్ళకి దీన్ని తప్పనిసరి చేసింది. ఆ తర్వాత కట్టిన ఇల్లయితే ఇప్పటికే ఉండి ఉండవచ్చు. పానెల్ పక్కనో లోపలో చిన్న లైటుతో ఒక డబ్బా కనిపిస్తుంది.

లేకపోతే, ఫోన్లోనే ఇవి అడగండి.

ఒకటి, కాంట్రాక్టర్ లైసెన్సు నంబరు. టెక్సస్‌లో ఎలక్ట్రికల్ లైసెన్సులిచ్చే శాఖ టీడీఎల్ఆర్. దాని వెబ్‌సైట్‌లో పేరు కొట్టినా, నంబరు కొట్టినా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కంపెనీ వ్యాన్ మీద కూడా ఆ నంబరు కనిపించాలి.

రెండు, ఇంటికి వచ్చేదెవరు? లైసెన్సు ఒకరిది, పనిచేసేది ఇంకొకరా? నేర్చుకుంటున్న కుర్రాడిని ఒంటరిగా పంపకూడదు.

మూడు, ఏ పరికరం పెడతారు? యూఎల్ 1449 ముద్ర ఉండాలి, టైప్ 1 లేదా టైప్ 2 అయి ఉండాలి. మోడల్ పేరుతో సహా ఎస్టిమేట్ రాసి ఇమ్మనండి.

నాలుగు, ఎక్కడ పెడతారు? మెయిన్ బ్రేకర్‌కి దగ్గరగా, తీగలు వీలైనంత పొట్టిగా, మెలికలు లేకుండా ఉండాలి. తీగ పొడుగైన కొద్దీ రక్షణ తగ్గుతుంది. ఇంటి ఎర్తింగ్ చూస్తారా అని కూడా అడగండి. అది సరిగా లేకపోతే ముందు దాని సంగతి తేల్చాలి.

ఐదు, మన సిటీలో పర్మిట్ కావాలా? కావాలంటే ఎవరు తీసుకుంటారు?

"ఇవన్నీ అడిగితే అనుమానిస్తున్నట్టు ఉండదూ?" అంటారేమో. నేను నర్సుని. నా లైసెన్సు ఇంకా నడుస్తోందా, దాని మీద ఏమైనా చర్యలున్నాయా అన్నది ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. అలా చూసినందుకు నేను నొచ్చుకోను. అసలు లైసెన్సు పెట్టిందే అందుకు. పని తెలిసిన ఎలక్ట్రీషియన్ నంబరు టకీమని చెప్తాడు. నసిగాడంటే మనకి జవాబు దొరికినట్టే.

లైసెన్సు ఉన్నంత మాత్రాన నిజాయితీ ఉన్నట్టూ కాదు. సర్జ్ ప్రొటెక్టర్ కోసం పిలిస్తే, "పానెల్ మొత్తం మార్చాలి" అని వేల డాలర్ల లెక్క చెప్పేవాళ్ళూ ఉన్నారు. నిజంగానే మార్చాల్సి ఉండొచ్చు. ఎందుకో కాగితం మీద రాసిమ్మని, ఇంకొకరికి చూపించండి. అప్పటికప్పుడు సంతకం పెట్టక్కర్లేదు.

ఇంకొక మాట. పగలు ఇంట్లో ఉండేది మనం, తలుపు తీసేది మనం. అయినా "మీవారు ఉన్నారా, ఆయనతో మాట్లాడతాను" అంటారు కొందరు. "నాకు చెప్పండి, నేనే పెట్టిస్తున్నాను" అనండి. పైన ఉన్న ఐదు ప్రశ్నలు అడగడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

పెట్టించాక నెలకోసారి ఆ లైటు వైపు చూడండి. పోట్లు తట్టుకుని తట్టుకుని లోపలి భాగాలు అరిగిపోతాయి. చాలా మోడళ్ళలో లైటు ఆరిపోవడమో, రంగు మారడమో జరుగుతుంది. అప్పుడు కొత్తది పెట్టించాలి. టీవీకీ, కంప్యూటర్‌కీ ప్లగ్ దగ్గర చిన్న ప్రొటెక్టర్ కూడా ఉంచుకోండి. పెద్దది ఉంది కదా అని తీసేయకండి.

చివరిగా గ్రూపు వాళ్ళందరికీ ఒక మనవి. ఇకమీదట ఎవరైనా ఎలక్ట్రీషియన్ కోసం అడిగితే, ఫోన్ నంబరు పక్కనే లైసెన్సు నంబరు కూడా పెడదాం. అది లేకపోతే "లైసెన్సు సంగతి నేను చూడలేదు" అని ఒక్క ముక్క రాద్దాం. మనం ఇచ్చే నంబరుని నమ్మి ఒకావిడ తన ఇంటి తలుపు తీస్తుంది.