గృహవిజ్ఞానము: కదలని బొమ్మ ఇంజను



గోదావరి యొడ్డున పెరిగిన పిల్లలకు రైలుబండి యనిన ప్రాణము. 1900వ సంవత్సరమున తెరచిన హేవలాకు వంతెన 1997లో విశ్రాంతి గైకొన్నను, 1974 నాటి రైలురోడ్డు వంతెనమీదను, దాని తరువాతి కమాను వంతెనమీదను బండ్లు నేటికిని పోవుచునే యున్నవి. వానిని చూచి చూచి మా పిల్లవాడు బొమ్మరైలు కావలెనని కోరగా, వాని మేనమామ యొక యింజనును పంపెను. అసలు ఇంజనులో ఎనుబదియేడవ వంతు పరిమాణము గలది.

పాత పద్ధతిలో పట్టాలలోని విద్యుత్తును హెచ్చించినచో ఇంజను వేగముగను, తగ్గించినచో మెల్లగను పోవును. ఒకే పట్టాలమీద రెండింజనులున్నచో రెండును కదలును. 1990ల దశకమున స్థిరపడిన కొత్త పద్ధతిలో పట్టాలయందు విద్యుత్తు నిండుగనే యుండును. ఆజ్ఞలును దానితోడనే వచ్చును. ఇంజనులోని డీకోడరను చిన్నబిళ్ల, ఇంటినంబరు చూచి ఉత్తరమందుకొన్నట్లు, తన అంకెకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే గ్రహించి మోటారును నడుపును. కొత్త డీకోడరు అంకె సాధారణముగా 3.

మేమును అట్టి బిళ్ల నమర్చి, మూత బిగించి, పట్టాలపై నుంచితిమి. ఆజ్ఞ నీయగా దీపము వెలిగినది, ఆరినది. చక్రము మాత్రము కదలలేదు. “చక్కగా నడచుదానిని పాడుచేసితివి గదా!” యని నేను కసరితిని. వాడు మారుమాటాడక ఇంజనును పెట్టెలో పెట్టి, పనిముట్లు నాకప్పగించి పోయెను. ఆ మౌనము నన్ను రాత్రియెల్ల బాధించినది.

మరునాడు వానిని పిలిచి, ఇద్దరమును నిదానముగా ఆలోచించితిమి. దీపము మాట వినుచున్నది గనుక పట్టాలనుండి విద్యుత్తు వచ్చుచున్నది, అంకెయు సరియే. కావున లోపము డీకోడరునుండి మోటారునకు పోవు దారిలో నుండవలెను. దీపమును వెలుగక, ఇంజనును కదలకున్నచో ముందుగా చక్రములను, పట్టాలను తుడిచి, అంకెను సరిచూడవలెను. ఎనిమిది ముండ్ల బిళ్లగలదానిలో ఇంజను కదలియు దీపము వెలుగనిచో, బిళ్లను తిరుగవేసి గ్రుచ్చితిమేమో చూడవలెను.

తీగల రంగులు గుర్తుంచుకొనుడు. ఎరుపు, నలుపు చక్రములనుండి వచ్చును. నారింజ, బూడిదరంగులవి మోటారునకు పోవును. తెలుపు, పసుపు, నీలము దీపములవి. ఇంజనును పట్టాలపైనుండి తీసి మూత విప్పగా, బూడిదరంగు తీగ మరమేకు క్రింద నలిగి తెగియుండెను.

వెంటనే అతికింపరాదు. మోటారు కొనలలో నేదియైనను చట్రమునకుగాని, చక్రములకుగాని తగులుచున్నచో డీకోడరు కాలిపోవచ్చును. అందుచే డీకోడరు నూడదీసి, మల్టీమీటరును కూతపెట్టు గుర్తునకు త్రిప్పి, మోటారు రెండు కొనలను, రెండువైపుల చక్రములను జతజతలుగా తాకించి చూచితిమి. కూయలేదు, భయము తీరినది. పిమ్మట తీగకు వేడికి బిగియు సన్నని గొట్టమును ముందే తొడిగి (అతికిన పిదప తొడుగుట కుదరదు), కొనలు గీకి, టంకము పెట్టి, గొట్టమును అతుకుమీదికి జరిపి వేడి చూపితిమి. తీగలను మరమేకులకును, పండ్లచక్రములకును దూరముగా అంటించి మూత పెట్టితిమి. మెల్లని వేగమున ఆజ్ఞ నీయగా ఇంజను కదలినది.

ఇక దాచనేల? మొదటిదినమున వంటకు వేళయైనదని తొందరపడి ఆ మూత బిగించినది నేనే. వాడమర్చిన డీకోడరులో లోపమే లేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ యని మనమే నవ్వుకొందుము. పిల్లల యెడల మనమును ఆ అత్తలమే యగుచున్నాము. “తప్పు నాది, నాయనా” యని చెప్పితిని. వాడు నవ్వి, మరమేకులు బిగించు పని యికమీదట తనదే యనెను. నేనొప్పుకొంటిని.