గేదె కడుపులో నాలుగు గదులు



ఈ నెల మన పెరట్లో కట్టేసి ఉన్న గేదె శరీరాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయాలనుకుంటున్నాను. కారణం ఉంది. పెద్దాపురం చుట్టుపట్ల పల్లెల్లో పెళ్ళి గాని, క్రిస్మస్ ప్రేమవిందు గాని జరిగిన మరునాడు, మిగిలిన అన్నం గంపలకెత్తి గేదె ముందు పోయడం మనకు తెలిసినదే. అన్నం పారబోస్తే పాపమని మనవాళ్ళ భయం. ఆ భయం మంచిదే గాని, ఆ గంపెడన్నం పాడిగేదె ప్రాణం తీయగలదు. అదే అన్నం కుక్కో పందో తింటే కడుపు నిండి పడుకుంటుంది. గేదెకు మాత్రం ఎందుకీ ముప్పు?

కుక్కకూ పందికీ మనకూ ఉన్నది ఒకే సంచి. భోజనం చేశాక మన కడుపులో పట్టేది లీటరు, లీటరున్నర. గేదెకు నాలుగు గదులున్నాయి. మేక బోటి శుభ్రం చేసిన అమ్మలకు నేను చెప్పనక్కర లేదు: తువ్వాలు గుడ్డలా గరుకుగా ఉండేది మొదటి గది, తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉండేది రెండవది, పుస్తకం పేజీల్లా పొరలున్నది మూడవది, నున్నగా ఉండేది నాలుగవది. మన కడుపు వంటిది ఆ నాలుగవది మాత్రమే.

ముఖ్యమైనది మొదటి గది. అది ఎడమ డొక్కనంతా ఆక్రమించి ఉంటుంది. పెద్ద గేదెకు వంద లీటర్లు దాటి పడుతుంది, అంటే ఆరేడు పెద్ద బిందెలు. వరిగడ్డిని అరిగించే శక్తి గేదెకు స్వతహాగా లేదు. ఆ పని చేసేవి ఈ గదిలో కోట్లకొలది ఉన్న సూక్ష్మజీవులు. గేదె గడ్డిని గబగబా మింగి, తరువాత తీరికగా పడుకుని, నోటికి తెచ్చుకుని మళ్ళీ నములుతుంది. ఇలా రోజుకు ఏడెనిమిది గంటలు. లేవీయకాండము 11వ అధ్యాయంలో చదివే నెమరు ఇదే. (అక్కడ చెప్పిన ఒంటె కూడా నెమరు వేస్తుంది గాని దాని కడుపుకు మూడు గదులే.) నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలం రోజుకు వంద లీటర్ల వరకు ఉంటుంది. అందులో సోడా వంటి క్షారం ఉండి, కడుపులో పుట్టే పులుపును విరుస్తూ ఉంటుంది.

గడ్డి నిదానంగా పులుస్తుంది. వండిన అన్నం అలా కాదు. గంపెడన్నం ఒక్కసారిగా పడితే కొన్ని గంటల్లోనే ఆమ్లం విపరీతంగా పుడుతుంది. అన్నం నమలనక్కర లేదు గనుక నెమరూ ఉండదు, లాలాజలమూ చాలదు. గడ్డిని అరిగించే జీవులు చచ్చిపోతాయి. ఒంట్లోని నీరంతా కడుపులోకి లాగబడుతుంది, ఆమ్లం రక్తానికెక్కుతుంది. గేదె మేత మాని, నెమరు ఆపి, తూలుతూ నడిచి, చివరకు లేవలేక పడిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. రోజూ త్రాగే కుడితిలో పిడికెడు మెతుకులుంటే ఏమీ కాదు, దానికి కడుపు అలవాటు పడి ఉంటుంది.

అప్పుడు మనం చేసే రెండవ పొరపాటు, నాలుక బయటకు లాగి, తల పైకెత్తి, వెదురు గొట్టంతో నూనె పోయడం. గొంతులో ఆహారనాళం, గాలిగొట్టం ప్రక్కప్రక్కనే ఉంటాయి. నాలుక లాగి పట్టుకుంటే పశువు సరిగా మింగలేదు, గాలిగొట్టం మూసుకోదు. పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ పని మానుకుని వెంటనే పశువైద్యుని పిలవండి. 2022లో మన రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాల నంబరు 1962.

రెండవ గది సంగతి ఒక్కమాట. గడ్డిలో కలిసిన మేకు, ఇనుపతీగ ముక్క వచ్చి చేరేది అక్కడే. దానికి ముందు పలుచని పొర, ఆ పొర అవతలే గుండె. అందుచేత ఇల్లు కట్టే చోట పడిన తీగముక్కలు ఏరివేయండి.

అప్పుడే పుట్టిన దూడకు ఈ పెద్ద గది ఇంకా పనిచేయదు. అది పాలు కుడిచేటప్పుడు ఒక కాలువ వంటి మడత ఏర్పడి, పాలు నేరుగా నాలుగవ గదికి చేరుతాయి. మనుష్య శిశువు రోగాలను ఎదిరించే పదార్థాలను తల్లి గర్భంలోనే పొందుతాడు. దూడకు మాయ ద్వారా అవి అందవు, ముర్రుపాలలోనే రావాలి. ఆ పదార్థాలను దూడ పేగు మొదటి ఆరు గంటల్లో బాగా పీల్చుకుంటుంది. ఇరవై నాలుగు గంటలకు ఆ దారి మూసుకుపోతుంది. మనలో కొందరు మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు రానివ్వరు. గేదెకు మాయ పడడానికి ఒక్కోసారి పది పన్నెండు గంటలు పడుతుంది. అంతవరకు ఆపనక్కర లేదు, పైగా దూడ కుడిస్తే మాయ త్వరగా పడుతుంది. ముప్పై కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్ల ముర్రుపాలు కావాలి. ఇరుగుపొరుగుకు జున్ను పంచాలంటే మిగిలినవి వాడుకోండి, రెండవ రోజు పాలు కూడా గడ్డకడతాయి.