వేట లేని రోజుల్లో ‘తాజా’ చేప

ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో ఉప్పాడ ఒడ్డుకు వెళ్లి, సముద్రపు గాలికి కూర్చుని వంజరం వేపుడుతో నాలుగు ముద్దలు తినడం కాకినాడ జిల్లావాసులకు సరదా. అందులో తప్పేమీ లేదు.

అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా ఇంజను పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ 61 రోజులూ మత్స్యకారులు పడవలు ఒడ్డున కట్టేసి, ప్రభుత్వ భృతి కోసం ఎదురుచూస్తూ అప్పులతో ఇల్లు గడుపుకోవాలి. అటువంటప్పుడు ఏ హోటల్లోనైనా ‘పొద్దున పట్టిన వంజరం’ అంటే ఎక్కడ పట్టారని అడగవలసిందే. ఇంజను లేని తెప్పలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అవి తెచ్చే కాసిని చేపలతో ఇన్ని విస్తళ్లు నిండుతాయా?

పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గాని మొదలు కాదు. అక్కడి చేప మంచులో రావచ్చు. రావడం నేరం కాదు, ఆ సంగతి దాచడమే మోసం. ఇక దొంగవేట చేపే అయితే, అది పడవ కట్టేసుకున్నవాడి నోటి కూడు.

ఏ చేప ఎక్కడిదో హోటళ్లవారు బోర్డు మీద రాయాలి. మత్స్యశాఖ అధికారులు ఒడ్డున పడవలతోపాటు వంటశాలలనూ చూడాలి. తినేవారు కూడా తెప్ప మీద వచ్చిన కవళ్లో, నెత్తళ్లో ఉన్నాయేమో అడగడం మంచిది. చవకవని హోటళ్లు చిన్నచూపు చూసినా, ఆ రోజుల్లో నిజంగా తాజావి అవే.