కాటా దగ్గరకు వచ్చే పరిశోధనకు గుర్తింపు కావాలి

గోదావరి జిల్లాల్లో స్వర్ణ పేరు వినని వరి రైతు లేడు. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఆ ఎంటీయూ 7029 వంగడం మన చేలు దాటి ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. విత్తనం మీద జరిగే పరిశోధన విలువను రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కోతకొచ్చిన చేనే చెబుతుంది. అయితే ఆ ధాన్యం కళ్లం దాటాక మిల్లులో, గోదాములో, బజారులో ఏమవుతుందో శాస్త్రీయంగా పరిశోధించి చెప్పేవాళ్లు ఎందరున్నారు? అలా చెప్పిన వాళ్లకు మన సమాజం ఇస్తున్న గుర్తింపు ఎంత?

చదువుల కొరత మన ప్రాంతానికి లేదు. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తాడేపల్లిగూడెంలోనే 2015 నుంచి నిట్ నడుస్తోంది. ఏలూరు దగ్గర పెదవేగిలో జాతీయ స్థాయి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. వ్యవసాయ శాస్త్రాల్లో మేటి పీహెచ్‌డీ పరిశోధనలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి జవహర్‌లాల్ నెహ్రూ పేరిట అవార్డులు ఇస్తూ వచ్చింది. మంచి సంప్రదాయమే. కానీ వ్యవసాయం చుట్టూ అల్లుకున్న పరిశ్రమల మీద, వాటిలో వచ్చే కొత్త పద్ధతుల మీద, సహకార సంఘాల నడక మీద జరిగే పరిశోధనకు మన జిల్లాల్లో ప్రత్యేకించి పట్టం కట్టే ఏర్పాటు కావాలి. రైతుకు నష్టం తెగుళ్ల వల్లే కాదు, కాటా దగ్గర కూడా వస్తోంది.

ఇలాంటి పరిశోధన వల్ల ఒరిగేదేమిటని కొందరు అడగవచ్చు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ దగ్గర బోర్లతో నీరు తోడేయడంతో సముద్రపు ఉప్పునీరు భూగర్భంలోకి చొరబడింది. నీరు వాడుకునేవాళ్లంతా సంఘంగా ఏర్పడి, కోర్టులో రాజీకి వచ్చి, తోడే నీటికి హద్దులు పెట్టుకున్నారు. ఈ సంఘం ఎలా కుదిరిందన్నదే ఎలినార్ ఆస్ట్రమ్ 1965లో పూర్తి చేసిన పీహెచ్‌డీ అంశం. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకోగలరని జీవితమంతా నిరూపించిన ఆమెకు 2009లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమే. ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నితే ఏమవుతుందో తెలిసిన కొల్లేటి జనానికి ఆ పరిశోధన పరాయిది కాదు.

మన నేల మీదా అలాంటి పని జరిగింది. ఎన్.జి.రంగా 1926లోనే డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థను పరిశీలించి పుస్తకం వేశారు. రైతు ఉద్యమాన్ని కట్టిన నాయకుడు ముందు లెక్కలు సేకరించాడన్న సంగతి మనం మరిచిపోకూడదు. కోస్తా డెల్టాలో సేద్యం మీద మిగిలిన డబ్బు పట్టణాల వ్యాపారాల్లోకి, పరిశ్రమల్లోకి ఎలా చేరిందో, రైతు కుటుంబాల నుంచి కొత్త వ్యాపార వర్గం ఎలా పుట్టిందో క్యారల్ ఉపాధ్య అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీగా పరిశోధించారు. 1988లో ఆ వివరాలు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. మన కథే అది. కానీ మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు జవాబు కోసం కాచుకుని ఉన్న ప్రశ్నలు చూద్దాం.

మొదటిది ఆయిల్ పామ్. 1993 చట్టం ప్రకారం రైతు తన జోన్‌కు కేటాయించిన ఫ్యాక్టరీకే గెలలు ఇవ్వాలి. కోసిన గెలను ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే నూనె నాణ్యత పడిపోతుంది కాబట్టి బేరానికి ఆగే వీలు ఎలాగూ లేదు. ధర కట్టేది గెల నుంచి వచ్చే నూనె శాతాన్ని బట్టి. మనందరం ఓఈఆర్ అంటున్నది దాన్నే. ఆ శాతంలో ఒక్క పాయింటు తేడా వస్తే టన్ను గెలలకు 10 కిలోల నూనె తేడా. కిలో నూనె 100 రూపాయలనుకుంటే అది వెయ్యి రూపాయల సరుకు. ఎకరాకు 8 టన్నులు తీసే తోటలో 8 వేల రూపాయల సరుకు అవుతుంది. తెలంగాణ శాతానికీ మన శాతానికీ ఉన్న తేడా మీద ఏళ్ల తరబడి ఆందోళన చేశాం. తోట వయసు, గెల పక్వత, ఫ్యాక్టరీ యంత్రం, కొలిచే పద్ధతి, ఇందులో ఏది ఎంత కారణమో ఎవరి ప్రయోజనమూ లేని పరిశోధకుడు తేల్చి చెబితే ధర్నాలో మన మాటకు బలం వస్తుంది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ మిషన్ ప్రకటించింది. అంత డబ్బు కదిలే చోట ఈ ప్రశ్నకు జవాబు ఉండి తీరాలి.

రెండోది కొల్లేరు. 1970లలో మత్స్యకార, ఎస్సీ సహకార సంఘాలకు ప్రభుత్వం చెరువులు ఇచ్చింది. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో గట్లు పేలాయి. కొల్లేటి పక్షుల మీద, నీటి మీద, చేపల మీద పరిశోధనలు చాలానే వచ్చాయి. సంఘాల చెరువులు పెట్టుబడిదారుల లీజుల్లోకి ఏ దారిన జారాయన్నది కూడా అంత శ్రద్ధగా చూడవలసిన విషయమే. మేత అప్పుగా ఇచ్చినవాడే చేప కొంటే ధర ఎవరి చేతిలో ఉంటుంది? పట్టుబడి రోజు తరుగు ఎంత పోతుంది, లారీ కోల్‌కతా చేరేలోపు కిలో మీద ఎవరికి ఎంత మిగులుతుంది? ఇవి రైతుకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. విశ్వవిద్యాలయానికి కూడా ఎదురవ్వాలి.

మూడోది ధాన్యం. 17 శాతం తేమ దాటితే ఎంత కోత పెట్టాలన్న లెక్క కళ్లం దగ్గర ఒకలా, మిల్లు దగ్గర మరోలా ఉంటోందని రైతులు ఏటా మొత్తుకుంటున్నారు. ఒక సీజనంతా కాటా చీటీలు పోగుచేసి పోల్చి చూసే పరిశోధన ఈ వాదనను ఒక దారికి తెస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రికార్డు పట్టుకుని ఊళ్లోకి వచ్చే పరిశోధకుడు పట్టాదారు ఇంటికే చేరతాడు. పొలంలో దిగిన కౌలు రైతు లెక్కలోకి రాడు. 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చాక కూడా యజమాని సంతకం పెట్టకపోతే కార్డు లేదు. కౌలుదారును, గట్టు మీద పనిచేసే కూలీని, చేపల గ్రేడింగ్ చేసే మహిళను వదిలేసిన పరిశోధన ఎంత లావు గ్రంథమైనా మేటి పరిశోధన కాదు.

అప్పుల్లో మునిగిన రైతును వదిలి డాక్టరేట్లకు బహుమతులా అని మనవాళ్లలో కొందరికి అనిపించవచ్చు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ ధరల కమిటీల ముందు కంపెనీల వాళ్లు ఫైళ్లతో కూర్చుంటారు. మనం అనుభవంతో కూర్చుంటాం. అనుభవం నిజమే అయినా కాగితం మీద లేని నిజాన్ని కొట్టిపారేయడం తేలిక. ఆ కాగితం తయారు చేసే యువతకు ఒక శాలువా, ఒక సభ, కొంత నగదు ఇవ్వడం దండగ ఖర్చు కాదు. ఏ ప్రశ్నకు గౌరవం దక్కుతుందో ఆ ప్రశ్న వైపే తరువాతి విద్యార్థి నడుస్తాడు.

అందుకే సంఘం ముందు ఈ ప్రతిపాదన పెడుతున్నాం. మన ప్రాంత విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వం కలిసి వ్యవసాయ ఆధారిత పరిశ్రమలు, కొత్త పద్ధతులు, రైతు సంస్థల మీద మేటి పీహెచ్‌డీకి ఏటా గుర్తింపు ఇవ్వాలి. ఎంపిక చేసేవారిలో ఆచార్యులతో పాటు ఆయిల్ పామ్, చేపలు, వరి రైతులు, ఒక కౌలుదారు ఉండాలి. పరిశోధన ఏ పరిశ్రమ మీదైతే ఆ పరిశ్రమ సొమ్ము బహుమతిలో ఉండకూడదు. గ్రంథం సారాంశం ఇరవై పేజీలకు మించకుండా తెలుగులో రాసి, సమాచారం ఇచ్చిన ఊళ్లోనే చదివి వినిపించాలి. యూజీసీ 2009 నిబంధనలతో పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగలో ఉచితంగా చదువుకునే ఏర్పాటు వచ్చింది. అవి ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఆ తలుపు తెరిచి ఉన్నా మన రైతుకు మూసినట్టే.

మన వంతు కూడా ఉంది. పరిశోధకులు వస్తే కాటా చీటీలు, మేత బిల్లులు, లీజు కాగితాలు దాచకుండా చూపాలి. సొసైటీ రిజిస్టర్లు తెరవాలి. లెక్క మనకు అనుకూలంగా తేలినా తేలకపోయినా వినే ఓపిక ఉండాలి. ఈ సీజను చీటీలను ప్రతి గ్రామ శాఖ ఇప్పటి నుంచే ఒక సంచిలో భద్రం చేయాలని కోరుతున్నాం. రేపు ఒక విద్యార్థి వచ్చి అడిగితే, వాడి చేతిలో పెట్టడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.