తప్పు చేశాక మొదటి పది నిమిషాలు

ల్యాబ్‌లో రీడింగులు సరిగ్గా రాకపోతే మీరేం చేస్తారు? ప్రయోగం మళ్లీ మొదట్నుంచి చేసేవాళ్ల సంగతేమో గానీ, పక్కవాడి రికార్డు చూసి అంకెలు సర్దేసేవాళ్లే మనలో ఎక్కువ. నేనూ సర్దినవాణ్నే. సర్ సంతకం పెట్టారు, మార్కులు పడ్డాయి. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో జావా కంటే బాగా వంటబట్టిన పాఠం ఇది: తప్పు బయటపడకుండా చూసుకో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక మొదట వదిలించుకోవాల్సిన అలవాటు కూడా ఇదే. ఎందుకో చెప్పడానికి ఒక నిజమైన ఘటన ఉంది.

గిట్‌ల్యాబ్ పేరు వినే ఉంటారు. గిట్‌హబ్ లాగే ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే చోటు. 2017 జనవరి 31 రాత్రి అక్కడి డేటాబేస్‌పై లోడ్ పెరిగింది. అసలు సర్వర్‌కు నకలుగా ఉండాల్సిన రెండో సర్వర్ వెనకబడిపోయింది. దాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి ఒక ఇంజినీరు రెండో సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను తీసేయాలనుకున్నాడు. డిలీట్ కమాండ్ కొట్టిన ఒకటి రెండు సెకన్లకు అర్థమైంది, తాను ఉన్నది అసలు సర్వర్‌లో అని. ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

‘బ్యాకప్ ఉంటుందిగా’ అంటారా? రోజూ తీయాల్సిన బ్యాకప్ అసలు తయారవడమే లేదు. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే టూల్ వెర్షన్ ఇంకొకటి. ‘బ్యాకప్ ఫెయిలైంది’ అని రావాల్సిన మెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి ఆదుకున్నది, అదే ఇంజినీరు దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిపెట్టిన కాపీ. సైట్ తిరిగి లేచేసరికి సుమారు 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో నమోదైన దాదాపు 5,000 ప్రాజెక్టుల, 5,000 కామెంట్ల, 700 కొత్త ఖాతాల సమాచారం మాత్రం పోయింది.

మన దగ్గరైతే ‘ఎవడు వాడు?’ అనేది మొదటి ప్రశ్న. గిట్‌ల్యాబ్ ఏం చేసిందో చూడండి. ఏం జరిగిందో, ఏం చేస్తున్నామో అందరికీ కనిపించే డాక్యుమెంట్‌లో రాసింది. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. తర్వాత విడుదల చేసిన నివేదికలో ఆ ఇంజినీరు పేరు రాయకుండా ‘టీమ్ మెంబర్ 1’ అంది. బ్యాకప్ పనిచేస్తోందో లేదో పరీక్షించే బాధ్యత ఎవరికీ లేదని అదే నివేదికలో ఒప్పుకుంది. ఏ సర్వర్‌లో ఉన్నామో స్క్రీన్‌పై స్పష్టంగా తెలిసే ఏర్పాటు చేయాలని రాసుకుంది. ఆ ఇంజినీరును తిట్టి ఇంటికి పంపితే, చెడిపోయిన బ్యాకప్ అలాగే ఉండిపోయేది.

నా మొదటి ఉద్యోగంలో నేనూ ఒక కాన్ఫిగరేషన్ ఫైల్ చెడగొట్టాను. ఎవరికీ తెలియకముందే సరిచేద్దామని రెండు గంటలు ఒంటరిగా కుస్తీ పట్టాను. సరిచేయబోయి ఇంకో రెండు ఫైళ్లు చెడగొట్టాను. చివరికి సీనియర్ చూసి ఒకే మాట అన్నారు: “అప్పుడే చెప్పుంటే పది నిమిషాల పని కదయ్యా.” అసలు తప్పు కంటే నా మౌనం వల్లే నష్టం ఎక్కువైంది.

అందుకే, మీ చేతిలో ఏదైనా చెడినప్పుడు ముందు చేతులు కీబోర్డు మీంచి తీసేయండి. వెంటనే టీమ్‌కు నాలుగు ముక్కలు చెప్పండి: నేను ఏం చేశాను, ఎన్ని గంటలకు చేశాను, దేనిపై ప్రభావం పడింది, ఆ తర్వాత ఏమేం ముట్టుకున్నాను. కొట్టిన కమాండ్‌ను ఉన్నదున్నట్టు పంపండి. సాకులు వద్దు, పేజీడు క్షమాపణలూ వద్దు. ఏదైనా తెలియకపోతే ‘తెలియదు’ అనేయండి.

ఇందులో మేనేజర్ల పాత్ర ఇంకా పెద్దది. హార్వర్డ్ ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే తప్పులు ఎక్కువ నమోదైనట్టు కనిపించింది. ఆ బృందాల్లో తప్పుల గురించి భయం లేకుండా మాట్లాడుకుంటున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. ‘నీవల్లే’ అని నలుగురిలో నిలదీసే మేనేజర్‌కు మరుసటిసారి కబురు ఆలస్యంగా అందుతుంది. ఒక్కోసారి కస్టమర్ ఫోన్ చేసేదాకా అందదు. అలాగని అన్నీ మాఫీ అని కాదు. దాచిపెట్టినా, చెప్పినా వినకుండా అదే తప్పు మళ్లీ చేసినా గట్టిగానే అడగాలి. అయితే ‘ఒక్క కమాండ్‌తో ఇంత నష్టం ఎలా సాధ్యమైంది?’ అన్న ప్రశ్న దానికంటే ముందు రావాలి. అయిదారేళ్లలో మీలో కొందరు టీమ్ లీడ్‌లు అవుతారు, అప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంటర్వ్యూ చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటే ‘నో సర్’ అని లేచి వచ్చేస్తాం కదా. ఈసారి అడగండి: “ఈమధ్య మీ టీమ్‌లో ప్రొడక్షన్ ఆగిపోయినప్పుడు, తర్వాత ఏం మార్చుకున్నారు?” ఏం మార్చుకున్నారో వివరంగా చెప్పారంటే అక్కడ మీరు నేర్చుకోగలరు. ‘మా దగ్గర అలాంటివి జరగవు’ అన్నారంటే కాస్త ఆలోచించండి. ‘మీరు చేసిన ఒక తప్పు చెప్పండి’ అని వాళ్లే మిమ్మల్ని అడగొచ్చు కూడా. ‘నేను మరీ పర్ఫెక్షనిస్టుని సర్’ లాంటి జవాబులు వాళ్లు చాలా విన్నారు. నిజంగా జరిగినది, దాన్నుంచి మీరు మార్చుకున్నది చెప్పండి.

ఇందుకు ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. వచ్చే ల్యాబ్‌లో రీడింగ్ తప్పు వస్తే, ఆ తప్పు రీడింగే రికార్డులో రాయండి. కింద ఎందుకు తప్పిందో ఒక్క లైను రాయండి. ఒక మార్కు పోతే పోనివ్వండి.