ఎఱ్ఱబుగ్గల జ్వరము – గర్భిణీస్త్రీలు



పిల్లలకు వచ్చు దద్దురుజ్వరములలో తట్టును, అమ్మవారును మనమందఱము ఎఱుగుదుము. ఒకటి రెండునాళ్ళు ఒడలు వెచ్చబడి, పిమ్మట చెంపదెబ్బ తిన్నట్లు బుగ్గలు కంది, చేతులమీదను కాళ్ళమీదను అల్లికవంటి దద్దురు లేచి, తనంత తానే తగ్గిపోవు జ్వరమును మాత్రము మనము లెక్కసేయము. చామనచాయ బిడ్డలయందు ఆ యెఱుపు సరిగా కనబడను కనబడదు. ఆరోగ్యవంతుడగు బిడ్డకు దీనివలన భయములేదు. అదే యింట గర్భవతి యున్నచో లెక్కసేయవలెను.

దీనికి కారణమగు సూక్ష్మజీవి పేరు పార్వో వైరస్ బి 19. 1975లో లండనునగరమున ఈవాన్ కాసార్ట్ అను వైద్యురాలును ఆమె సహచరులును రక్తపరీక్షలు చేయుచుండగా, బి వరుసలోని 19వ నమూనాయందు ఇది కనబడినది. దానినిబట్టియే ఆ పేరు వచ్చినది. కుక్కపిల్లలకు వచ్చు పార్వో వేఱు. అది మనుష్యులకు అంటదు.

మా యింటివారు ఉపాధ్యాయులు. దగ్గు, తుమ్ము, ఎంగిలి గ్లాసులద్వారా బడిపిల్లలలో జ్వరము లెట్లు ప్రాకునో మాకు చక్కగా తెలియును. అయితే ఈ జ్వరమున నొక వింత గలదు. బుగ్గలు ఎఱ్ఱబడునప్పటికే బిడ్డనుండి అంటు చాలవఱకు తీరిపోవును. కాబట్టి దద్దురు చూచిన పిమ్మట బిడ్డను వేఱుగా పండబెట్టిన ఫలము లేదు. మా దుబ్బాకలో చంటివాని నొడిలో నుంచుకొని బీడీలు చుట్టు తల్లికి, పిల్లలకు దూరముగా నుండుమని చెప్పుటయు వ్యర్థమే. చేతులు కడుగుకొనుట, ఎంగిలి మానుట మంచివి. కాని ముఖ్యమైన పని వెంటనే వైద్యునితో చెప్పుట.

తల్లికి సోకినచో దద్దురు లేకయే వ్రేళ్ళ కణుపులు, మణికట్లు, మోకాళ్ళు నొప్పిపెట్టవచ్చును. ఒక్కొక్కప్పుడు ఏ గుఱుతును ఉండదు. ఈ జీవి ఎఱ్ఱకణములను పుట్టించు మూలకణములయందే పెరుగును. గర్భస్థశిశువునకు సోకినచో దాని రక్తము క్షీణించును, గుండె అలసిపోవును, పొట్టయందును చర్మముక్రిందను నీరు చేరును. 20 వారములకు ముందు సోకిననే ప్రమాద మెక్కువ.

భయపడవలదు. పెద్దలలో సుమారు సగముమందికి చిన్ననాడే ఈ జ్వరము వచ్చిపోయి రక్షణ కలిగియుండును. గర్భమున సోకిన తల్లులలోను అధికసంఖ్యాకుల బిడ్డలు ఆరోగ్యముగానే పుట్టుదురు. గర్భనష్టము నూటికి 5 మొదలు 10 వఱకు అని వైద్యుల లెక్క. దీనివలన అంగవైకల్యము కలుగుట సాధారణము కాదు. కాన సోకినదన్నమాత్రమున గర్భము తీయించుకొనరాదు.

తల్లి రక్తమును పరీక్షించినచో పూర్వరక్షణ కలదో, క్రొత్తగా సోకినదో తెలియును. క్రొత్తగా సోకినచో 8 మొదలు 12 వారములవఱకు, వారమునకో రెండు వారములకో ఒకమాఱు స్కానింగు చేసి, శిశువు మెదడు రక్తనాళమున నెత్తురు పారు వేగమును చూచెదరు. రక్తము క్షీణించినచో వేగము హెచ్చును. అప్పుడు బొడ్డుత్రాటిలోనికి సూదిద్వారా శిశువునకే రక్తమెక్కింతురు. ఉత్తర గర్భమునందలి పరీక్షిత్తును శ్రీకృష్ణుడు కాపాడిన కథ మనము భాగవతమున చదివినదే. గర్భస్థశిశువునకు రక్తమెక్కించుట 1963లో న్యూజిలాండున లైలీ అను వైద్యుడు వేఱొక రక్తవ్యాధికై తొలుత చేసి చూపెను. నేడది హైదరాబాదునందును సాధ్యమే. ఆలస్యమైనచో అవకాశము జారిపోవును.

ఈ జ్వరమునకు టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు. మన ఆడుబిడ్డలనేకులు కాపురమున్న అమెరికాలో 2024లో ఇది హెచ్చుగా వ్యాపింపగా, ఆగస్టు 13న అచ్చటి వ్యాధినియంత్రణ సంస్థ వైద్యులను హెచ్చరించినది. దూరముననున్న కుమార్తెలకును ఈ మాట చెప్పుడు.

అత్తగార్లకు మా మనవి యొకటి. గర్భము నిలువనపుడు కోడలు గ్రహణమునాడు కత్తి పట్టినదనియు, కడప దాటినదనియు నిందింతుము. బడినుండి మనుమడు తెచ్చిన జ్వరమునకు ఆమె యేమి చేయగలదు? ఆమె దుఃఖమునకు మన మాట తోడుగా వేయకుందము. బుగ్గలెఱ్ఱబడిన బిడ్డ యింట నున్నపుడు, గర్భిణిని మీరే వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయి, "ఇంట దద్దురుజ్వరము వచ్చినది, ఈమెకు ఇన్నవ నెల" అని చెప్పుడు. ఆ యొక్కమాటతోనే వైద్యునికి త్రోవ దొరకును.