విందు ఎప్పుడు ముగుస్తుంది?

పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో క్రిస్మస్ విందైనా, పెళ్లయినా, ఆలయ వార్షికోత్సవమైనా మరునాటి ఉదయం దృశ్యం ఒక్కటే. కొబ్బరితోట గట్టున గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, థర్మోకోల్ ముక్కలు. కొంత తగలబెడతారు, మిగతాది గాలికి కొట్టుకుపోతుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, అలంకరణ థర్మోకోల్‌ను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. అయినా అవి మన విందుల నుంచి పూర్తిగా పోలేదు.

చవక అన్నది ఒక కారణం. ఉద్దానంలో భయం మరో కారణం. కిడ్నీ వ్యాధి ఎందరినో పొట్టన పెట్టుకున్న నేల ఇది. కారణాలు పూర్తిగా తేలకపోయినా బోరు నీళ్లంటే జనానికి జంకు. అందుకే అతిథి చేతిలో సీలు వేసిన నీళ్లు పెడతారు. అది ఆడంబరం కాదు, ప్రేమే. ఆ భయాన్ని తీసిపారేస్తూ పర్యావరణం గురించి బోధిస్తే ఎవరూ వినరు. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ నీరు అందే చోట దాన్ని, అందని చోట పెద్ద డబ్బాల నీటిని స్టీలు గ్లాసుల్లో పోయవచ్చు. మూడు వందల మంది విందులో మనిషికో కంచం, గ్లాసు, సీసా లెక్కన తొమ్మిది వందల వస్తువులు చెత్తలో చేరకుండా ఆగుతాయి.

స్టీలు కంచాలు సంఘమంతా చందా వేసుకుని ఒక్కసారి కొంటే ప్రతి ఇంటి శుభకార్యానికీ పనికొస్తాయి. పేద కుటుంబానికి అద్దె ఖర్చు తప్పుతుంది. తోమడానికి మనుషులేరి అంటారు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును వెంబడించే మన యౌవనస్థులకు, పెద్దలకు ఇంతకన్నా మంచి పరిచర్య ఏముంది? కంచాలు చాలకపోతే అడ్డాకుల విస్తళ్లున్నాయి. వాటిపై పెట్టే రూపాయి కొండ మీది గిరిజన కుటుంబాలకు చేరుతుంది.

నెహెమ్యా కాలంలో ప్రజలు కొండకు వెళ్లి కొమ్మలు తెచ్చి పర్ణశాలలు కట్టుకున్నారు, ఎంతో సంతోషించారు (నెహెమ్యా 8:15-17). మనకు రాలిన కొబ్బరి మట్టలకు కొదవలేదు. పందిరికి అవి చాలు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. చెట్టు విలువ మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. యుద్ధంలో సైతం ఫలవృక్షాలను నరకవద్దంది ధర్మశాస్త్రం (ద్వితీ. 20:19). పెళ్లి జ్ఞాపకంగా ఒక కొబ్బరి మొక్క నాటి, వంటింటి తొక్కలు దాని పాదులో వేస్తే అది ఇంటిల్లిపాదికీ నిత్య పాఠం. శీతకాలంలో తేలినీలాపురానికి విదేశీ పక్షులు వస్తాయి. మన టపాసులు వాటిని బెదరగొట్టనక్కర్లేదు.

పొదుపుగా చేస్తే నలుగురూ ఏమంటారోనని అప్పులు చేసిన ఇళ్లను మేము చూశాం. ఐదు రొట్టెలతో ఐదు వేలమందికి కడుపునిండా పెట్టిన ప్రభువుకు కొరత లేదు. అయినా మిగిలిన ముక్కలను వృథా కానివ్వలేదు, పోగుచేయించాడు (యోహాను 6:12). పొదుపు పేదరికానికి గుర్తయితే ఆయన ఆ మాట అనేవాడా?

పన్నెండు గంపలు నిండాకే ఆ విందు ముగిసింది. మిగిలిన అన్నం ఆ రాత్రే ఆకలిగొన్నవారికి చేరి, ఆవరణ శుభ్రమైన తర్వాతే మన విందు కూడా ముగిసిందనుకుందాం.